అర్చనలో చెప్పే రోహిణి ఆకాశంలో ఎక్కడుంది?

ప్రశ్న: మాది రాజోలు దగ్గర ఒక పల్లెటూరు. నాకు 65 నిండాయి. పదో తరగతి దాకా చదువుకున్నాను. మా ఆయన పోయాక కొబ్బరితోట కౌలుకిచ్చేశాను. అబ్బాయి కువైట్‌లో ఉంటాడు, కోడలూ మనవడూ నా దగ్గరే. ఆమధ్య గాలివానకి రెండు రోజులు కరెంటు లేదు. వాన వెలిశాక డాబా మీద పడుకుంటే, అన్ని చుక్కలు చూసి ఎన్నేళ్ళయిందో అనిపించింది. అప్పట్నుంచీ రోజూ చూస్తున్నాను. గుళ్ళో అర్చనకి నక్షత్రం అడిగితే రోహిణి అని ఇన్నేళ్ళుగా చెబుతున్నానే గానీ, ఆ రోహిణి ఏదో ఇంతవరకు చూడలేదు. రోహిణి కార్తెలో వెతికాను, కనపడలేదు. ఎక్కడుంటుంది? ఎంత దూరం? మనం చూసే చుక్కల్లో చాలావరకు ఎప్పుడో చచ్చిపోయాయని మనవడు అంటున్నాడు, నిజమేనా? కొన్ని మిణుకుమంటాయి, కొన్ని మిణుకుమనవు, ఎందుకని? ఈ విశ్వానికి చివరెక్కడ? అబ్బాయి 12 వేలు పెట్టి టెలిస్కోప్ కొంటానంటున్నాడు, కొనమంటారా? ఈ వయసులో ఇదేం పిచ్చని ఇరుగూపొరుగూ నవ్వుతున్నారు.
– రోహిణి నక్షత్రంలో పుట్టిన ఒక నాయనమ్మ

సమాధానం:

అక్కయ్యగారూ,

మీరు రోహిణిని వెతికింది సరిగ్గా అది కనపడని రోజుల్లో. కార్తె పేరు వింటే ఎవరైనా అప్పుడే వెతుకుతారు, అందులో మీ పొరపాటేమీ లేదు.

పంచాంగంలోని 27 నక్షత్రాలూ ఆకాశంలో ఒక దారి పొడుగునా వరసగా ఉంటాయి. సూర్యుడు, చంద్రుడు, గ్రహాలు మనకి కనిపించేది ఆ దారి వెంబడే. చంద్రుడు రోజుకొక నక్షత్రం చొప్పున దాటుకుంటూ 27 రోజుల పైచిలుకులో చుట్టు పూర్తి చేస్తాడు. మన భూమి సూర్యుడి చుట్టూ తిరగడం వల్ల సూర్యుడు కూడా అదే దారిలో నడుస్తున్నట్టు కనిపిస్తాడు. ఆయనకి ఒక చుట్టుకి ఏడాది పడుతుంది కాబట్టి ఒక్కో నక్షత్రం దగ్గర 13, 14 రోజులు ఉంటాడు. మీరు పుట్టిన రోజున చంద్రుడు రోహిణి దగ్గర ఉన్నాడు, అందుకని అది మీ జన్మనక్షత్రం. రోహిణి కార్తె అంటే మాత్రం సూర్యుడు రోహిణి దగ్గరికి చేరిన రోజులు. మే 25 ప్రాంతంలో మొదలై జూన్ మొదటి వారం దాకా ఉంటుంది. అప్పుడా చుక్క సూర్యుడితో పాటే ఉదయించి, సూర్యుడితో పాటే అస్తమిస్తుంది. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు కదా, ఆ రోళ్ళు పగిలే ఎండ వెనకాలే మీ రోహిణి ఉంటుంది.

చూడాల్సింది చలికాలంలో. డిసెంబరు మొదటి వారంలో రాత్రి 9 గంటలకి డాబా మీద తూర్పు ముఖంగా నిలబడండి. కొబ్బరిమట్టల పైన మూడు చుక్కలు, ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు, నిటారుగా ఒకే వరసలో కనిపిస్తాయి. ఆ వరసని అలాగే పైకి పొడిగించుకుంటూ పోతే కాస్త నారింజ రంగులో ఒక పెద్ద చుక్క తగులుతుంది. అదే రోహిణి. ఇంకా పైకి పోతే గుప్పెడు చిన్న చుక్కల గుంపు, కృత్తికలు. మా నాయనమ్మ దాన్ని పిల్లలకోడి అనేది.

అదేనా కాదా అని అనుమానం వస్తే మీ గోడ మీద క్యాలెండర్ ఉంది. అందులో ఏ తేదీకి రోహిణి అని వేశాడో చూసుకుని ఆ రాత్రి చంద్రుడి వైపు చూడండి. చెయ్యి చాచి పిడికిలి బిగిస్తే, చంద్రుడి నుంచి పిడికిలి, మహా అయితే పిడికిలిన్నర దూరంలో ఆ నారింజ చుక్క ఉంటుంది. క్యాలెండర్‌లోని ఆ మాట ముహూర్తాల కోసమే అనుకుంటాం గానీ, ఆ రాత్రి చంద్రుడు ఎక్కడున్నాడో చెప్పే చిరునామా అది. ఈ ఒక్క పద్ధతితో ఏడాదిలో చాలా నక్షత్రాలు మీకు మీరే గుర్తుపట్టేయొచ్చు. చిత్త, జ్యేష్ఠ, మఖ, అన్నీ ఇలాగే దొరుకుతాయి. నాకు తెలిసి మొదలుపెట్టేవాళ్ళకి ఇంతకంటే మంచి పుస్తకం లేదు.

రోహిణి రంగు గమనించండి. కమ్మరి కొలిమిలో ఇనుము ముందు ఎర్రబడుతుంది, ఇంకా కాలితే పసుపు, తర్వాత తెలుపు. చుక్కల లెక్కా అంతే. ఎర్రగా ఉన్నది కాస్త చల్లనిది, తెల్లగా నీలంగా ఉన్నది బాగా వేడిది. రోహిణి పైభాగం మన సూర్యుడి కంటే చల్లగా ఉంటుంది, కానీ ఒళ్ళు మాత్రం సూర్యుడికి 40 రెట్లకు పైగా వెడల్పు. లోపల నడిమధ్యన మండాల్సిన హైడ్రోజన్ అయిపోయి ఉబ్బిన ముసలి నక్షత్రం అది. చుట్టూ ఉన్న సన్న చుక్కలతో కలిపితే బండిలా ఉంటుందని పెద్దలు రోహిణీ శకటం అన్నారు. అయితే ఆ సన్న చుక్కలు 150 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్నాయి, రోహిణి 65 దగ్గరే ఉంది. ఏటిగట్టు మీద నిలబడి చూస్తే ఇవతలి ఇంటి దీపమూ అవతలి ఒడ్డు దీపాలూ ఒకచోటే ఉన్నట్టు కనిపించవూ, అలాగన్నమాట.

65 కాంతి సంవత్సరాలంటే, వెలుగు అక్కడ బయలుదేరి ఇక్కడికి రావడానికి సుమారు 65 ఏళ్ళు పడుతుంది. మీకు 65 నిండాయి కదా. మీరు పుట్టినప్పుడు అటూ ఇటుగా అక్కడ బయల్దేరిన వెలుగే ఈ చలికాలం మీ కంట్లో పడబోయేది.

ఇక దూరం. అంకెలు చెబితే బుర్రకెక్కదు. వాకిట్లో చేసి చూడండి. కాస్త పెద్ద ఒలిచిన కొబ్బరికాయ, 14 సెంటీమీటర్ల వెడల్పున్నది తీసుకోండి. అది సూర్యుడు. అప్పుడు మన భూమి ఒక ఆవగింజ. ఆ ఆవగింజని కొబ్బరికాయకి 15 మీటర్ల దూరంలో, అంటే సుమారు ఇరవై అంగలేసి అక్కడ పెట్టండి. చంద్రుడు ఆవగింజకి నాలుగు సెంటీమీటర్ల దూరంలో ఒక రవ్వ పలుకు. గురుడు చిన్న రేగుపండంత ఉండి 78 మీటర్ల అవతల ఉంటాడు. ఆఖరి గ్రహం నెప్ట్యూన్ అర కిలోమీటరుకి కాస్త ఇవతల. సౌరకుటుంబమంతా మీ ఊళ్ళోనే సరిపోయింది.

మరి పక్క నక్షత్రం, అంటే రెండో కొబ్బరికాయ ఎక్కడ? సుమారు 4,100 కిలోమీటర్ల దూరంలో. మీ అబ్బాయి ఉండే కువైట్ కూడా దాటిపోయి బాగ్దాద్ ఛాయలకి వెళ్ళాలి. రాజోలులో ఒక కాయ, బాగ్దాద్‌లో ఒక కాయ, మధ్యలో ఏమీ లేదు. వెలుగు సెకనుకి 3 లక్షల కిలోమీటర్లు పోతుంది, కానీ ఈ వాకిటి లెక్కలో దాని వేగం సెకనుకి 3 సెంటీమీటర్లే. ఇంచుమించు చీమ నడక. ఆ చీమ కొబ్బరికాయ దగ్గర బయల్దేరి ఆవగింజ దగ్గరికి రావడానికి 8 నిమిషాల 20 సెకన్లు పడుతుంది. సూర్యుడి వెలుగు మనకి చేరడానికి పట్టే సమయం అదే. బాగ్దాద్ చేరాలంటే ఆ చీమ ఆగకుండా నాలుగేళ్ళ నాలుగు నెలలు నడవాలి. మీ రోహిణి దగ్గరికైతే 65 ఏళ్ళు. భూమి చుట్టూ ఒకటిన్నర సార్లు తిరిగినంత దూరం.

ఆ బాగ్దాద్ కొబ్బరికాయని మీరు కంటితో చూడొచ్చు. ఆల్ఫా సెంటారీ దాని పేరు. మే నెలాఖరున రాత్రి పది గంటల వేళ అంతర్వేది బీచ్‌లో సముద్రం వైపు నిలబడితే, దక్షిణాన నీళ్ళకి పిడికిలి పైన రెండు పెద్ద చుక్కలు పక్కపక్కన కనిపిస్తాయి. ఎడమ పక్కది అదే. యూరప్‌లో ఉన్నవాళ్ళకి ఆ చుక్క అసలు ఉదయించదు, మనకి సముద్రం మీద కనిపిస్తుంది.

మనవడి మాట సంగతి. చుక్కలు చాలావరకు చచ్చిపోయాయన్నది వినడానికి బాగుంటుంది గానీ నిజం కాదు. మామూలు కంటికి కనిపించే చుక్కలు దాదాపు అన్నీ కొన్ని వేల కాంతి సంవత్సరాల లోపే ఉన్నాయి. నక్షత్రాల ఆయుష్షు లక్షల్లో, కోట్లలో, వందల కోట్ల ఏళ్ళలో ఉంటుంది. వెలుగు వచ్చే ఈ కాస్త సమయంలో పోయేవి ఉంటే గింటే ఒకటీ అరా. పోయే రోజు దగ్గరపడ్డది ఏదైనా ఉందంటే అది ఆరుద్ర. ఇందాక చెప్పిన మూడు చుక్కలకి ఎడమ పక్కన ఎర్రగా ఉంటుంది. తొలకరి వానలకి చేలో కనిపించే ఆరుద్ర పురుగూ ఎర్రనే, ఈ చుక్కా ఎర్రనే. 2019 చివర్లో అది బాగా మసకబారింది. పేలిపోతుందేమోనని ప్రపంచమంతా చూసింది. తీరా అది కక్కిన ధూళి దానికే అడ్డం వచ్చిందని తేలింది. పేలడం ఖాయమే, కానీ ఆ పేలడానికి ఇంకో లక్షేళ్ళయినా పట్టొచ్చు.

మిణుకుమనడం చుక్కల్లో లేదు, మన గాలిలో ఉంది. ఎండాకాలం మధ్యాహ్నం తారురోడ్డు మీద ఎదురొచ్చే మనిషి అలలు అలలుగా కదిలినట్టు కనిపిస్తాడు. వేడిగాలి, చల్లగాలి కలిసేచోట వెలుగు వంగుతుంది, అందుకు. నక్షత్రం అంత దూరాన ఉండటం వల్ల సూదిమొనంతే. దాన్నుంచి వచ్చేది ఒక్క సన్నటి వెలుగు పోగు. అది అటూ ఇటూ వంగితే చుక్క ఆరి వెలిగినట్టు ఉంటుంది. గ్రహం దగ్గర్లో ఉంది కాబట్టి కంటికి తెలియకపోయినా చిన్న బిళ్ళ. బిళ్ళ నుంచి బోలెడు పోగులొస్తాయి. ఒకటి తప్పినా ఇంకోటి కంటికి తగులుతుంది కాబట్టి వెలుగు నిలకడగా ఉంటుంది. వేగుచుక్క అంటే శుక్రుడు. ఈసారి కనిపించినప్పుడు పక్కనున్న చుక్కలతో పోల్చి చూడండి, తేడా మీకే తెలుస్తుంది.

చంద్రుడి గురించి మీరేమీ అడగలేదు. అయినా గోదావరి పక్కన ఉండేవాళ్ళకి ఇది చెప్పకుండా ఉండలేను. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కేటప్పుడు నీళ్ళు ఒక్కోసారి పైదాకా ఉంటాయి, ఒక్కోసారి దిగిపోయి బురద కనిపిస్తుంది. ఆ పోటూ ఆటూ చంద్రుడి పనే. తన వైపున్న నీళ్ళని కాస్త ఎక్కువ లాగుతాడు, అవతలి వైపు నీళ్ళని కాస్త తక్కువ లాగుతాడు. దాంతో రెండు పక్కలా నీరు ఉబ్బి, రోజుకి రెండు పోట్లు వస్తాయి. చంద్రుడు రోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా ఉదయిస్తాడు, పోటూ అంతే ఆలస్యంగా వస్తుంది. అమావాస్యకీ పౌర్ణమికీ సూర్యుడి లాగుడు కూడా తోడై పోటు పెద్దదవుతుంది, అష్టమి నాడు బలహీనపడుతుంది. ఇదంతా వేటకి వెళ్ళేవాళ్ళకి పుట్టుకతో తెలిసిన విద్య. ఈ పోట్ల ఒరిపిడి వల్లే చంద్రుడు ఏటా 3.8 సెంటీమీటర్లు దూరం జరుగుతున్నాడు. అపోలో యాత్రికులు అక్కడ పెట్టి వచ్చిన అద్దాల మీదికి లేజర్ కొట్టి కొలిచిన లెక్క ఇది. మీరు పుట్టినప్పటి కంటే చంద్రుడు ఇప్పుడు రెండున్నర మీటర్లు దూరంగా ఉన్నాడు. మీ రేవులో నీళ్ళు ఎక్కీ దిగీ చేసిన పని అందులో కొంచెం ఉంది.

విశ్వానికి చివర అన్నారు. మన సూర్యుడితో పాటు కోటానుకోట్ల నక్షత్రాలున్న గుంపు పాలపుంత, అది అడ్డంగా లక్ష కాంతి సంవత్సరాలు. వినాయకచవితికి దేవుడి నెత్తిన కట్టే పాలవెల్లి పేరు దీనిదే. అలాంటి పుంతలు లెక్కలేనన్ని ఉన్నాయి. పెద్దవాటిలో మనకి దగ్గరిది అయిన ఆండ్రోమెడా 25 లక్షల కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. బాగా చీకటిగా ఉంటే నవంబరు రాత్రుల్లో కంటికే చిన్న పొగమరకలా ఆనుతుంది. ఈ పుంతలన్నీ ఒకదాన్నుంచి ఒకటి దూరమవుతున్నాయని 1929లో ఎడ్విన్ హబుల్ చూపించాడు. విసురువల గాలిలో విచ్చుకోవడం మీరు చూసే ఉంటారు. ప్రతి ముడీ పక్క ముడి నుంచి దూరం జరుగుతుంది. ఏ ముడి మీద కూర్చుని చూసినా మిగతావన్నీ తన నుంచే పారిపోతున్నట్టు ఉంటుంది. విశ్వం విచ్చుకోవడం అలాంటిది. తేడా ఏంటంటే వలకి అంచున గుళ్ళు కట్టి ఉంటాయి, విశ్వానికి అలాంటి అంచు ఎవరూ చూడలేదు. విచ్చుకోవడం మొదలై 1,380 కోట్ల ఏళ్ళయింది. అంతకంటే ముందు బయల్దేరిన వెలుగంటూ లేదు కాబట్టి మన చూపుకి ఒక హద్దుంది. అది మన చూపుకి హద్దు, విశ్వానికి కాదు.

టెలిస్కోప్ ఇప్పుడే కొనొద్దని అబ్బాయికి చెప్పండి. ఇది గట్టిగానే చెబుతున్నాను, ఎందుకంటే నేను కొని బాధపడ్డాను. పెట్టె మీద 500 రెట్లు పెద్దగా చూపిస్తుందని రాసి ఉంటే నమ్మి తెచ్చుకున్నాను. స్టాండు పుల్లల్లా ఉండేది, ముట్టుకుంటే చాలు చంద్రుడు ఎగిరిపోయేవాడు. మనకి కావలసింది ఎన్ని రెట్లు అన్నది కాదు, అద్దం ఎంత వెడల్పు, స్టాండు ఎంత గట్టిది అన్నది. పైగా మన కోనసీమ తేమ. రెండో వానాకాలానికి లెన్స్ లోపల సాలెగూడు దారాల్లా బూజు పాకింది. తుడిస్తే పోలేదు, అద్దాన్ని తినేసింది.

దాని బదులు మంచి బైనాక్యులర్ తెప్పించుకోండి. 7×50 గానీ 10×50 గానీ. 10 అంటే పది రెట్లు దగ్గరగా చూపిస్తుందని, 50 అంటే ముందు అద్దం 50 మిల్లీమీటర్ల వెడల్పని. ఆ 12 వేల కంటే తక్కువలోనే వస్తుంది. పిట్టగోడ మీద మోచేతులు ఆన్చి చూడండి, చెయ్యి వణకదు. పిల్లలకోడిలో కంటికి ఆరు కనిపించేచోట డజన్ల కొద్దీ కనిపిస్తాయి. చంద్రుడి మీద గుంటలు తెలుస్తాయి. అది కూడా పౌర్ణమి నాడు కాదు, అష్టమి చుట్టుపక్కల. అప్పుడు నీడలు పొడుగ్గా పడతాయి. 1610లో గెలీలియో చూసిన గురుడి నాలుగు చందమామలూ, గురుడి పక్కన ఇసుక రేణువుల్లా వరసగా కనిపిస్తాయి. శని వలయాలు మాత్రం దీంట్లో తెలియవు, వాటికి టెలిస్కోప్ కావలసిందే. ఏడాది చూశాక అప్పుడు ఆలోచిద్దురు. వాడనప్పుడు గట్టి మూతున్న స్టీలు డబ్బాలో తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలతో పాటు పెట్టండి. మంచు కురిసిన రాత్రి తడిగా ఉండగానే డబ్బాలో పెట్టేయకండి, ఆరబెట్టాక పెట్టండి. మనవడికి ఒక్క మాట గట్టిగా చెప్పాలి: బైనాక్యులర్‌తో సూర్యుణ్ణి ఒక్క క్షణం కూడా చూడకూడదు. కన్ను పోతుంది.

ఇరుగూపొరుగూ నవ్వుతున్నారన్నారు. మన తీరంలో ఇది కొత్తగా పుట్టిన పిచ్చి కాదు. విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు గారు 1840లోనే చుక్కల్ని పరిశీలించడానికి సొంతంగా వేధశాల కట్టించుకున్నారు. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం గుంటూరు, మచిలీపట్నాల మీదుగా పోయింది. దాన్ని చూడటానికి ఫ్రాన్స్ నుంచి పియర్ జాన్సెన్ గుంటూరు వచ్చాడు, మద్రాసు వేధశాల నుంచి నార్మన్ పాగ్సన్ మచిలీపట్నంలో దిగాడు. వెలుగుని రంగులుగా విడదీసి చూస్తే ఒక్కో పదార్థానికీ దాని గీతలు దానికుంటాయి. సూర్యుడి అంచున లేచే మంటల వెలుగుని అలా చూస్తే ఒక కొత్త పసుపు గీత బయటపడింది ఆ గ్రహణం పుణ్యమానే. అది భూమ్మీద ఎవరికీ తెలియని పదార్థానిదని తర్వాత తేలి, సూర్యుడి గ్రీకు పేరు మీద హీలియం అన్నారు. భూమ్మీద అది దొరికింది 1895లో. అంటే ముందు సూర్యుడి మీద కనిపించి, తర్వాత నేల మీద దొరికిన పదార్థం. ఆ కథ మొదలైంది మన పక్క జిల్లాల్లో. నవ్వేవాళ్ళని ఒక రాత్రి డాబా మీదికి పిలిచి గురుడి చందమామల్ని చూపించండి.

చివరికి ఒకటి దాచి ఉంచాను. రాజోలు భూమధ్యరేఖకి ఉత్తరాన 16.5 డిగ్రీల దగ్గర ఉంది. ఆకాశంలోనూ అలాంటి మధ్యరేఖ ఒకటి ఉంది, రోహిణి దానికి ఉత్తరాన ఇంచుమించు అదే 16.5 డిగ్రీల దగ్గర ఉంది. రెండూ ఒకటే కావడం వల్ల ఆ చుక్క రోజుకోసారి మీ ఊరి నడినెత్తి మీదుగా వెళ్తుంది. హైదరాబాదు వాళ్ళకి కాస్త దక్షిణంగా, తిరుపతి వాళ్ళకి కాస్త ఉత్తరంగా తప్పుకుంటుంది. మీకు మాత్రం నిట్టనిలువునా పైన. సంక్రాంతి నాటికి అది నడినెత్తికి వచ్చే వేళ రాత్రి 9 గంటలు. అబ్బాయి పండక్కి వస్తే అందరూ కలిసి డాబా మీద చాప పరుచుకుని వెల్లకిలా పడుకోండి. తొమ్మిది కొట్టాక మెడ ఎటూ తిప్పనక్కర్లేదు. కళ్ళకి ఎదురుగా నారింజ రంగులో ఉన్నదే మీ రోహిణి.